లైబ్రరీలో వీడియో కెమెరా ఖాళీ లేదా? ఫోనా, అద్దె కెమెరానా, ఏది మేలు?

సెమిస్టర్ చివరికొచ్చేసరికి క్యాంపస్ లైబ్రరీ కెమెరాలన్నీ ఎవరో ఒకరి చేతిలోనే ఉంటాయి, అందరికీ గడువు ఒకే వారం కదా. వెయిటింగ్ లిస్టులో పేరు రాసి ఎదురుచూసే ముందు, అసలు మీరు తీసేదేంటో తేల్చుకోండి.

చిన్న షార్ట్ ఫిల్మో, ఒకరిద్దరి ఇంటర్వ్యూనో అయితే నేను ఫోనే అంటాను. బొమ్మ బాగానే వస్తుంది, పాడయ్యేది సౌండ్. నాలుగడుగుల దూరంలో పెట్టిన ఫోన్‌కి మాటతో పాటు ఫ్యాన్ రొద, రోడ్డు మీది హారన్లు అన్నీ వినపడతాయి. అద్దెకి పెట్టే డబ్బుల్లో కొంత కాలర్ మైక్ మీద పెట్టండి, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో వెతికితే దొరుకుతుంది. క్లాస్‌రూమ్ ట్యూబ్‌లైట్ల కింద తీస్తే ఒక్కోసారి తెర మీద చారలు పాకుతుంటాయి చూడండి, మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఆ వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఫోన్ కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టర్ స్పీడ్ 1/50 సెకను పెట్టండి, చాలావరకు పోతాయి. ఎయిర్‌ప్లేన్ మోడ్ మర్చిపోవద్దు, మంచి టేక్ మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే అంతే సంగతులు. మే నెల ఎండలో మాత్రం ఫోన్ వేడెక్కి రికార్డింగ్ ఆపేస్తుంది, ఔట్‌డోర్ షాట్లు పొద్దున్నే కానిచ్చేయండి.

రెండు గంటల సెమినార్, ఆడిటోరియం వెనక నుంచి డాన్స్ ప్రోగ్రామ్ లాంటివైతే లెక్క మారుతుంది. ఫోన్‌లో ఎక్కువ జూమ్ చేస్తే మొహాలు అలుక్కుపోతాయి, బ్యాటరీ, మెమరీ రెండూ టెన్షనే. అప్పుడు కృష్ణానగర్ వైపు వెళ్లి అద్దెకి తెచ్చుకోవడమే మేలు, కానీ షాపువాళ్లు డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద ఫొటో కెమెరా) చేతిలో పెడితే సరేనని వచ్చేయకండి. పాత మోడళ్లు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోతాయి, అరగంట దాటి తీయగలిగితే యూరప్‌లో దాన్ని వీడియో కెమెరా కింద లెక్కేసి ఎక్కువ సుంకం వేసేవాళ్లు, అందుకని కంపెనీలు ఆ హద్దు పెట్టాయి. క్యామ్‌కార్డర్, అంటే వీడియో కోసమే చేసిన కెమెరా, కావాలని నోరు తెరిచి అడగండి, ప్లగ్గులో పెట్టి నడపొచ్చు, నిజమైన లెన్స్ జూమ్ ఉంటుంది. ఐడీ, డిపాజిట్ అడుగుతారు. అక్కడే ఆన్ చేసి చూసి, గీతలుంటే ఫొటో తీసుకుని బయల్దేరండి.

ఇంకో టీమ్ తెచ్చుకున్న లైబ్రరీ కెమెరాని ఒక పూట అడిగి వాడుకోవడం నాకు నచ్చదు. అది వాళ్ల పేరు మీద ఉంటుంది, ఏదైనా పగిలితే ఫైన్ పడేది వాళ్లకి. అంతగా కావాలంటే రెండు టీములూ కౌంటర్ దగ్గరికి కలిసి వెళ్లి, మీ పేరు మీదికి మార్పించుకోండి.