కంప్యూటర్ కరెంటు కొలిచే ప్లగ్ మీటరు అనంతపురంలో కొనబోతున్నారా? జాగ్రత్త

నిన్న సాయంత్రం జరిగినది ఇంకా మింగుడు పడటం లేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. ఏ దుకాణమో ఇక్కడ ఎలక్ట్రికల్ సామాను కొనేవారిలో చాలామందికి తెలిసిపోతుంది కాబట్టి పేరు రాయడం లేదు.

మా ఇంటి వాడకం 225 యూనిట్లు దాటి పై స్లాబులోకి పోవడంతో, ఏ వస్తువు ఎంత తింటోందో చూద్దామని ఆ దుకాణంలో 1,450 రూపాయలు పెట్టి ప్లగ్ మీటరు కొన్నాను. యజమాని నా ఎదుటే 100 వాట్ల పాతకాలపు బల్బు పెట్టి చూపించాడు. తెర మీద 99 అని వచ్చింది. ఆ ఒక్క అంకె చూసి నమ్మేశాను. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద ధర రాసిచ్చాడు, అదీ తీసుకున్నాను.

ఇంట్లో మా అమ్మాయి కంప్యూటరుకు పెడితే 143 వాట్లు చూపించింది. రోజుకు పది గంటల చొప్పున నెలకు దాదాపు 43 యూనిట్లు అని లెక్కేసి, ఇంత కరెంటు ఎందుకని ఆమెను కోప్పడ్డాను. పదకొండు రోజులు ఆ పిల్ల తన ప్రాజెక్టు పనంతా ఫోనులోనే, కళ్లు నులుముకుంటూ టైపు చేసుకుంది. అది తలచుకుంటేనే నాకు బాధగా ఉంది.

తర్వాత ఒక రాత్రి ఆ మీటరు బటన్ నొక్కుతూ పోతే పవర్ ఫ్యాక్టర్ (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేదానిలో అసలు వాట్లు ఎంత వంతో చెప్పే సంఖ్య) అనే చోట 1.00 కనిపించింది. ఎల్‌ఈడీ బల్బుకూ 1.00, ఫోన్ ఛార్జరుకూ 1.00. అన్నింటికీ ఒకే సంఖ్య రావడంతో అనుమానం వచ్చి, ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, కంప్యూటరు ఒక్కటే నడిపిస్తూ బయట గోడకున్న కరెంటు మీటరు దగ్గర నిలబడ్డాను. మా మీటరు మీద ఒక యూనిట్‌కు 3200 అని రాసి ఉంది, అంటే ఎర్ర లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. ఇరవై నిమిషాల్లో 90 సార్లు మెరిసింది, అంటే సుమారు 84 వాట్లు. నేను కొన్న పరికరం 230 వోల్టులను 0.62 ఆంపియర్లతో గుణించి, వచ్చినదాన్నే వాట్లు అని చూపిస్తోంది. పాతకాలపు బల్బుకు ఆ గుణకారం సరిపోతుంది కానీ, కంప్యూటరు, ఛార్జరు వంటివి కరెంటును అలలా సమంగా కాక ముక్కలుగా లాగుతాయి కాబట్టి వాటి అసలు వాట్లు అంతకన్నా తక్కువగా ఉంటాయి. మన బిల్లు లెక్క ఆ అసలు వాట్ల మీదే.

నిన్న ఈ లెక్కంతా కాగితం మీద రాసుకుని ఆ దుకాణానికి వెళ్లాను. కౌంటరు మీదున్న బిల్లింగ్ కంప్యూటరుకే ఈ మీటరు ఒకసారి పెట్టి చూడమని యజమానిని మర్యాదగా అడిగాను. ఆయన ఆ కాగితం వంక కూడా చూడలేదు. మళ్లీ అదే బల్బు తీసి పెట్టి, "బల్బుకు కరెక్టుగానే చూపిస్తాంది కదా సామీ, ఇంకేం కావాల నీకు?" అన్నాడు. నేను కదలకపోయేసరికి, అక్కడున్న నలుగురికీ వినబడేలా, "కరెంటు బిల్లు కట్టేకి చేతగాకుంటే ఆ కంప్యూటరు అమ్ముకోపో" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మాట్లాడకుండా వచ్చేసినందుకు రాత్రంతా నిద్ర పట్టలేదు. వచ్చాక అమ్మాయికి క్షమాపణ చెప్పాను. డబ్బు తిరిగి రాలేదు.

కొనాలనుకునేవారు పాతకాలపు బల్బుతో పరీక్ష ఒప్పుకోకండి. ఎల్‌ఈడీ బల్బో ఛార్జరో పెట్టించండి. అన్నింటికీ పవర్ ఫ్యాక్టర్ 1.00 అనే చూపిస్తే ఆ మీటరు తీసుకోవద్దు. చీటీ కాదు, బిల్లు తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాల్సి వస్తే చేతిలో ఆధారం ఉండాలి. సరైన ప్లగ్ మీటరు దొరికేవరకూ మీ ఇంటి కరెంటు మీటరు ఎర్ర లైటు మెరుపులు లెక్కపెట్టుకోవచ్చు, అయితే దాని మీద రాసి ఉన్న సంఖ్య 3200 కాకపోవచ్చు, ముందు అది చూసుకోండి.