వేలికి పెట్టే ఆక్సీమీటరు: అంకె కన్నా ముందు అల చూడాలి

శ్రీకాకుళం, పలాస, విజయనగరం మందుల షాపుల్లో బీపీ మిషన్ పక్కనే ఇప్పుడు రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే, వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరూ ఉంటోంది. కొనదగ్గ వస్తువేనా అంటే, కొనదగ్గదే. ఒకటే షరతు: తెర మీద అంకెతో పాటు గుండె కొట్టినప్పుడల్లా లేచే నాడి అల కూడా కదలాలి. అల లేనిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

క్లిప్పు ఒక దవడలో రెండు ఎల్‌ఈడీలు ఉంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది 940 దగ్గర కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. ఎదుటి దవడలో వెలుగుని కరెంటుగా మార్చే సిలికాన్ ఫోటోడయోడ్. సిలికాన్ బ్యాండ్‌గ్యాప్, అంటే అది పట్టాలంటే ఫోటాన్‌కి (వెలుగు కణానికి) ఉండాల్సిన కనీస శక్తి, 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎరుపు ఫోటాన్ శక్తి 1.88, ఇన్‌ఫ్రారెడ్‌ది 1.32. రెండూ గ్యాప్ దాటేవే కాబట్టి ఒక్క డయోడే రెండింటినీ పట్టేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ ఎక్కించుకున్న హిమోగ్లోబిన్ ఇన్‌ఫ్రారెడ్‌ని ఎక్కువ మింగుతుంది, ఎక్కించుకోనిది ఎరుపుని. గుండె కొట్టినప్పుడల్లా మారే వెలుగుని మారని వెలుగుతో భాగించి, రెండు రంగుల నిష్పత్తి తీస్తే చర్మం, ఎముక, గోరు చాలావరకు లెక్కలోంచి జారిపోతాయి. 1970ల్లో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి పట్టుకున్న కిటుకు ఇదే. నిష్పత్తి 0.5 అయితే ఆక్సిజన్ 97 శాతం పైన, 1 అయితే 85.

ఆ 85తోనే చిక్కు. సిగ్నల్ సన్నగిల్లి రెండు రంగుల్లోనూ నాయిసే (నాడితో సంబంధం లేని గజిబిజే) మిగిలితే నిష్పత్తి 1 వైపు జారుతుంది, తెర మీద 85 వచ్చి కూర్చుంటుంది. అల గజిబిజిగా ఉన్నప్పుడు వచ్చిన 85ని నమ్మక్కర్లేదు: చెయ్యి వెచ్చబరిచి, వేలు మార్చి మళ్ళీ చూడాలి. అల శుభ్రంగా ఉండి 85 చూపిస్తే మాత్రం మనిషి ఎంత హుషారుగా కబుర్లు చెబుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఆయాసపడుతున్న మనిషి దగ్గరైతే అల బాగోలేదని కూర్చోకూడదు.

పలాస జీడి పనివాళ్ళకి ఈ తిప్పలు ఎక్కువ. గుల్ల నుంచి కారే నూనె వేళ్ళని నల్లగా చేసేస్తుంది. మరక మారని భాగమే కదా, లెక్కలో పోవాలి. కానీ వెలుగు మరీ తక్కువ దాటితే భాగించడానికి సిగ్నలే మిగలదు. మరక తక్కువున్న వేలు వెతకండి, లేదంటే క్లిప్పుని వేలికి అడ్డంగా పెట్టండి. ఎర్రగా పండిన గోరింటాకు పెద్దగా అడ్డు రాదు. నల్ల మెహందీ, ముదురు గోళ్ళరంగు అడ్డొస్తాయి.

కొలిచే పద్ధతి: అయిదు నిమిషాలు కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున ఆనించి, వేలు చివరిదాకా దూర్చి, అల కుదురుకున్నాక నిమిషం ఆగాలి. మొదట మెరిసిన అంకె రాసుకునేవాళ్ళే ఎక్కువ, అదే తప్పు. డబ్బా మీది ‘±2’ అర్థం ప్రతిసారీ రెండులోపే ఉంటుందని కాదు, మూడింట రెండుసార్లు ఉంటుందని. కాబట్టి 95, 97 తేడాకి కంగారొద్దు. 94 కన్నా తగ్గి అక్కడే నిలిస్తే డాక్టరుకి చెప్పాలి, 90కి దిగితే ఆలస్యం చెయ్యకూడదు. పాత ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకి హద్దు డాక్టరు చెప్పిందే.

కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఉద్దానంలో కొనేవాళ్ళు ఒకటి గట్టిగా తెలుసుకోవాలి. హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ ఎక్కే బస్సులనుకుంటే, ఈ మిషన్ చెప్పేది బస్సుల్లో సీట్లు ఎన్ని నిండాయనే. బస్సులు ఎన్ని ఉన్నాయో చెప్పదు. గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 14 ఉన్న మనిషికి 98 శాతం దగ్గర డెసిలీటరు రక్తంలో 18 చిల్లర మిల్లీలీటర్లు ఉంటే, కిడ్నీ జబ్బుతో హిమోగ్లోబిన్ 7కి పడిపోయిన మనిషికి అదే 98 దగ్గర 9 మాత్రమే. తెర మీద ఇద్దరికీ ఒకే అంకె! నీరసం, ఆయాసం ఉంటే 98 చూసి ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించాలి. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన ఫిస్టులా ఉన్న చేతి వేళ్ళకి రక్తం తగ్గొచ్చు, రెండో చేతికి పెట్టండి. ఏజెన్సీ చలికి తలుపులు మూసి కుంపటి పెట్టుకునే ఇళ్ళలో మరో మోసం: బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పట్టిన హిమోగ్లోబిన్ కూడా దీనికి ఆక్సిజన్ పట్టినట్టే కనిపిస్తుంది.

‘ఏఐ ఆక్సిజన్’ వాచీలు దీనికి బదులు కావు. మణికట్టు దగ్గర చర్మం నుంచి వెనక్కి వచ్చే వెలుగునే చదవాలి, నాడి భాగం చాలా సన్నం. వాచీలోని ఏఐ మోడల్ దాన్ని నున్నగా చేసి అంకె ఇస్తుంది కానీ లేని సిగ్నల్ని పుట్టించలేదు. అసలు ఆసుపత్రి ఆక్సీమీటర్లకే లోటుంది. 2020లో మిషిగన్ విశ్వవిద్యాలయం చూసిన రోగుల్లో మిషన్ 92–96 చూపినా ధమని రక్తంలో 88 కన్నా తక్కువున్న కొలతలు నల్లజాతివాళ్ళలో 11.7 శాతం, తెల్లవాళ్ళలో 3.6 శాతం. ఇలాంటి మిషన్లు చూపిన అంకెల మీద తర్ఫీదైన మోడల్‌కీ ఆ తప్పే అంటుకుంటుంది. భావనపాడు, కళింగపట్నం వేటవాళ్ళలాగా ఎండలో నల్లబడ్డ ఒంటికి 93ని కొంచెం తక్కువగానే లెక్కేయండి. బాగున్న రోజుల అంకె రాసిపెట్టుకుంటే పోల్చుకోవడం సులువు.

మిషన్ నకిలీదా అని షాపులో వేలికి బదులు పెన్ను పెట్టి పరీక్షిస్తామనేవాళ్ళు పెన్నుని బల్ల మీద కదలకుండా ఉంచాలి. చేత్తో పట్టుకుంటే ఆ వణుకే నాడిలా చదువుతుంది, మంచి మిషన్ కూడా అంకె చూపిస్తుంది. గీతలే కనిపిస్తే సరే. తర్వాత డాక్టరు దగ్గరి మిషన్‌తో ఒకే చేతి రెండు వేళ్ళకి ఒకేసారి పెట్టి మూడుసార్లు చూడండి. మూడుసార్లూ నాలుగు పాయింట్లు తేడా వస్తే బిల్లుతో సహా వెనక్కిచ్చేయండి. వాడనప్పుడు సెల్స్ తీసేయాలి, ఉప్పుగాలికి స్ప్రింగులు తుప్పు పడతాయి.