డాబా మీద స్మోకర్: 14 వేలకు వచ్చినదేమిటి, రానిదేమిటి

స్మోకర్ అంటే బొగ్గుల సన్నని వేడి మీద, చెక్క పొగలో మాంసాన్ని గంటల తరబడి మెల్లగా ఉడికించే పొయ్యి. ఆన్‌లైన్‌లో 14 వేల రూపాయలకు అమ్ముతున్న ఈ నిలువు స్మోకర్, ఆకారంలో మూడు అంతస్తుల రేకు డబ్బా. అడుగున బొగ్గుల గిన్నె, మధ్యలో నీళ్ల గిన్నె, దాని పైన రెండు జాలీలు, అన్నింటికీ పైన ముల్లు థర్మామీటరు బిగించిన మూత ఉంటాయి. ప్రకటనలో మాంసం చుట్టూ తెల్లని పొగ దట్టంగా కమ్ముకున్న బొమ్మను పెద్దగా వేశారు. కొన్నవారిని మొదట తప్పుదారి పట్టించేది ఆ బొమ్మే. స్మోకర్‌కు అసలు పని గాలిని అదుపులో ఉంచి, 107 నుంచి 121 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిని గంటల తరబడి నిలపడం. పొగ దాని వెంట తానే వస్తుంది. పెట్టెలోంచి తీసిన రూపంలో ఈ స్మోకర్ ఆ పనికి పాస్ మార్కులు కూడా తెచ్చుకోదు. హన్మకొండలో మా డాబా మీద గత చలికాలం నుంచి వాడుతూ, కొంత మాంసం పాడైన తర్వాత, కొన్ని భాగాలను మార్పించిన తర్వాత, ఇప్పుడు చుట్టాలను పిలిచి వడ్డించగలిగే స్థితికి వచ్చాం.

లోపమంతా అతుకుల్లో ఉంది. మూతకూ డబ్బాకూ మధ్య ఒకవైపు వేలి గోరు దూరేంత సందు ఉంది. బొగ్గులు మార్చడానికి పెట్టిన చిన్న తలుపు కూడా సరిగా కూర్చోదు. కింది రంధ్రాలను పూర్తిగా మూసినా ఈ సందుల్లోంచి గాలి లోపలికి పోతూనే ఉంటుంది కనుక, ఎండాకాలం మధ్యాహ్నం కాస్త గాలి వీచిందంటే వేడి 150 డిగ్రీలు దాటిపోతుంది. కంపెనీకి ఫోన్ చేస్తే, వాడుతూ ఉంటే మసి పట్టి సందులు వాటంతటవే పూడుకుంటాయని సమాధానం వచ్చింది. మసి వల్ల కొంత మేలు జరిగే మాట నిజమే గానీ, గోరు దూరే సందును మసి పూడ్చలేదు. చివరికి ములుగు రోడ్డు వైపున్న ఒక వెల్డింగ్ దుకాణంలో తలుపు రేకును సరిచేయించి, మూత అంచు చుట్టూ వేడికి తట్టుకునే ఫైబర్‌గ్లాస్ తాడును అంటించడంతో గాలి అదుపులోకి వచ్చింది. ఆ మరమ్మతుకు అయిన ఖర్చును కూడా ధరలో కలుపుకొని చూడాలి. లోపలి వైపు వేసిన రంగు గురించి మరో మాట: మొదటిసారి మాంసం పెట్టకుండా, జాలీలకు నూనె రాసి, నిండుగా బొగ్గులు వేసి రెండు మూడు గంటలు ఖాళీగా మండించకపోతే ఆ రంగు వాసన తిండికి పట్టుకుంటుంది. ఈ విషయం మాన్యువల్‌లో ఎక్కడా లేదు.

మాన్యువల్‌లో ఉన్నది మరింత చేటు చేసింది. చెక్క ముక్కలను అరగంట నీళ్లలో నానబెట్టి నిప్పుల మీద వేయమని అందులో రాశారు. నానిన చెక్క ముందు ఆవిరిని వదులుతుంది, నిప్పును చల్లారుస్తుంది, ఆ తర్వాత సరిగా మండలేక దట్టమైన తెల్లని పొగ కక్కుతుంది. ఆ పొగలోని తారు వంటి పదార్థం చల్లని మాంసం మీద పేరుకుంటుంది. అలా తయారైన కోడి చూడటానికి నల్లగా నిగనిగలాడింది. నోట్లో పెట్టుకుంటే చేదు, ఆపైన నాలుక తిమ్మిరి. పిల్లలు దానిని పక్కకు నెట్టి పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. చెక్క బాగా ఎండినదై ఉండాలి, పైరంధ్రం పూర్తిగా తెరిచి ఉండాలి, బయటకు వచ్చే పొగ కనిపించీ కనిపించనట్టు పలుచగా, కొద్దిగా నీలంగా ఉండాలి. బొగ్గులన్నింటినీ ఒకేసారి రాజేయకుండా, కాలని బొగ్గుల నడుమ గుంట చేసి అందులో కొద్దిపాటి నిప్పులు పోస్తే అవి ఒకదాని నుంచి మరొకదానికి మెల్లగా అంటుకుంటూ చాలాసేపు వస్తాయి.

చెక్క విషయంలో మన ప్రాంతానికి లోటు లేదు. మామిడి, జామ కొమ్మలు రెండూ మెత్తని పొగనిస్తాయి. చెరువు కట్టల మీద ఎవరూ అడగకుండానే పెరిగే సర్కారు తుమ్మ, అమెరికాలోని టెక్సాస్‌లో మాంసం కాల్చడానికి వాడే మెస్కీట్ చెట్టుకు దగ్గరి చుట్టం. దాని పొగ ఘాటైనది కనుక మేక మాంసానికి కొద్దిగా వేస్తే చాలు. వేప పొగ చేదు. జామాయిల్ కర్రలోని నూనె మాంసాన్ని మందుల వాసనకు తెస్తుంది. ప్యాకింగ్ పెట్టెల చెక్కను అసలు ముట్టుకోకూడదు. అందులో జిగురు ఉండవచ్చు, పురుగుమందు ఉండవచ్చు.

ఇక మూత మీది థర్మామీటరు. అది 110 చూపిస్తున్నప్పుడు మాంసం ఉన్న జాలీ దగ్గర విడిగా పెట్టిన ప్రోబ్ (తీగ చివరి సూదితో వేడిని కొలిచే సాధనం) 135 చూపించింది. అనుమానం తీరడానికి ఆ ముల్లును విప్పి మరుగుతున్న నీళ్లలో ముంచాం. సముద్రమట్టానికి మూడు వందల మీటర్ల లోపు ఎత్తులో ఉన్న వరంగల్‌లో నీరు 99 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా మరుగుతుంది. ముల్లు మాత్రం 82 దగ్గర ఆగిపోయింది. రెండు తీగల డిజిటల్ ప్రోబ్, ఒకటి జాలీకి ఒకటి మాంసం లోపలికి, లేకుండా ఈ స్మోకర్‌ను కొనడం వృథా. కోడి మాంసం లోపల 74 డిగ్రీలు చేరిందో లేదో రంగు చూసి చెప్పలేము, ఎందుకంటే పొగలోని వాయువుల వల్ల బాగా ఉడికిన మాంసం కూడా అంచుల్లో గులాబీ రంగులోనే ఉంటుంది.

మాంసం ఎంచుకోవడంలో మన దుకాణాల అలవాటు అడ్డు వస్తుంది. మేక ముందు జబ్బను ముక్కలు కొట్టకుండా ఇవ్వమంటే మా కటికాయన కత్తి పట్టుకొని ఆగిపోయి, "గింత పెద్ద ముక్క లోపటిదాక ఎట్ల ఉడుకుతది సార్, నాలుగు తునకలు చేసిస్త పట్టుకపోండ్రి" అన్నాడు. ఆయన అనుమానంలో అర్థం ఉంది. జబ్బ లోపలి వేడి 68 డిగ్రీల దాకా చకచకా ఎక్కి, అక్కడ గంటల తరబడి కదలకుండా నిలిచిపోతుంది. మాంసం నుంచి ఆవిరయ్యే తేమ, నిప్పులిచ్చే వేడిని ఎప్పటికప్పుడు తీసుకుపోవడమే దీనికి కారణం. ఈ దశలో కంగారుపడి బొగ్గులు కుమ్మరిస్తే పైపొర మాడి లోపల గట్టిగా మిగులుతుంది. అరటాకులో చుట్టి, పైన అల్యూమినియం రేకు బిగించి తిరిగి లోపల పెడితే ఆవిరి ఆగిపోయి వేడి మళ్లీ ఎక్కుతుంది. 92 డిగ్రీల దగ్గర ఎముక చేతికి ఊడి వస్తుంది. అరటాకు తప్పనిసరి కాదు, కానీ దాని వాసన నాకు నచ్చింది.

కోళ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. ముదురు నాటుకోడి దీనికి పనికిరాదు, దానిని పులుసుకే ఉంచుకోవడం మేలు. బ్రాయిలర్ కోడిని తోలుతో అడిగి తీసుకోవాలి. అడగకపోతే దుకాణంలో తోలు ఒలిచే ఇస్తారు.

పొగ పట్టిన మాంసం నిలవ ఉంటుందన్న భ్రమ ఒకటి మన ఇళ్లలో ఉంది. ఉప్పు, పసుపు పట్టించి ఎండలో నీరంతా పోయేలా ఆరబెట్టే వట్టి తునకలు నిలవ ఉంటాయి. ఈ స్మోకర్‌లో ఉడికిన జబ్బ నిండా తేమే ఉంటుంది. మా బావమరిది ఏప్రిల్ ఎండలో అటువంటి ముక్కను గుడ్డలో కట్టుకొని బస్సులో మంథనికి తీసుకుపోగా, అక్కడ మూట విప్పేసరికి జిగటగా, పుల్లటి వాసనతో ఉంది. బయట 32 డిగ్రీలు దాటిన రోజున వండిన మాంసాన్ని గంటకు మించి బయట ఉంచకూడదు, మన ఎండాకాలంలో ఆ హద్దు పొద్దున్నే దాటిపోతుంది.

వానాకాలంలో చెమ్మ పట్టిన బొగ్గులు చిటపటలాడుతూ అంటుకోవు, వాటిని గాలి చొరని డబ్బాలో దాచాలి. వాన పడుతున్నదని స్మోకర్‌ను మెట్ల గదిలోకి జరపడం ప్రాణాంతకం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇంత చెప్పిన తర్వాత కూడా దీనికి 5కు 3 ఇస్తున్నాను. రేకు మందమైనది, జాలీలకు తుప్పు రాలేదు, నీళ్ల గిన్నె పెద్దది, మరమ్మతు తర్వాత ఒకసారి నింపిన బొగ్గులతో మధ్యాహ్న భోజనం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా వేడి నిలుస్తున్నది. సొంత డాబా, దగ్గరలో తెలిసిన వెల్డింగ్ దుకాణం ఉన్నవారు ప్రోబ్, మరమ్మతు ఖర్చులు కలిపి లెక్క వేసుకొని తీసుకోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి మాత్రం వద్దనే చెబుతాను. మా పక్కింటి పిన్నిగారు ఆరేసిన చీరలను రెండోసారి ఉతికించవలసి వచ్చినప్పటి నుంచి, నేను నిప్పు రాజేసే ముందు గోడ మీదుగా ఆమెను అడుగుతున్నాను.