ఫర్ (క్రిస్మస్ చెట్టు) మొక్కలంటూ అమ్ముతున్నారు, డబ్బు ఇచ్చే ముందు వేళ్లు చూడండి (అనంతపురం)

అనంతపురం శివారులో ఒక నర్సరీవారు "సిమ్లా నుంచి తెప్పించిన ఫర్ మొక్కలు, మన ఎండకు ఢోకా లేదు" అని నమ్మబలికి మాకు రెండు కుండీలు అంటగట్టారు. జత నాలుగున్నర వేలు. డిసెంబరు దగ్గరపడుతోంది. క్రిస్మస్‌కు కొనే ఆలోచనలో ఉన్న కర్నూలు, కడపవాళ్లు కూడా ఇది చదవండి.

అసలైన ఫర్ హిమాలయాల్లో, రెండు వేల మీటర్లకు పైన చలిలో పెరిగే చెట్టు. మే నెలలో 42 డిగ్రీలు దాటే మన ఊళ్లలో అది నిలవదు. మాకిచ్చింది అరకేరియా. పసిఫిక్‌లోని నార్ఫోక్ దీవి దాని సొంత ఊరు. గొడుగు ఊచల్లా కాండం చుట్టూ అంతస్తులుగా కొమ్మలు వస్తాయి. మధ్యాహ్నపు ఎండ తగలని చోట బాగానే పెరుగుతుంది కూడా. అసలు పేరు చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు, కాకపోతే ఆ ధర పలికేది కాదు.

కొద్ది వారాలకే ఒకదానికి కింది కొమ్మలు గోధుమరంగుకు తిరిగాయి. ఫోను చేస్తే "నీళ్లు చాలడం లేదు, రెండు పూటలా పోయండి" అన్నారు. కుండీలో మట్టి తడిగానే ఉంటే ఇంకా నీళ్లెందుకని మొక్కను బయటికి తీసి చూశాం. పైపైన ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు. లోపల జిగట రేగడి ముద్ద, దాని చుట్టూ విప్పని ప్లాస్టిక్ తాడు. వేళ్లు నల్లబడి ఉన్నాయి. వేలితో లాగితే పైతోలు ఊడి వచ్చి, లోపలి దారం మాత్రం మిగిలింది. కుళ్లు వాసన. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు కాబట్టి తడిమట్టిలోనే మొక్క వాడిపోతుంది. దాన్ని చూసి ఇంకా నీళ్లు పోస్తే కుళ్లు ముదురుతుంది. నర్సరీవారి సలహా సరిగ్గా అదే. మంచి వేరు చివర తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుండీ నుంచి తీసి చూపించనంటే అక్కడితో బేరం ఆపేయండి.

రెండోదానిది వేరే జబ్బు. ఆకులు దుమ్ము పట్టినట్టు వెలిసిపోయాయి. తెల్లకాగితం పట్టి కొమ్మను తడితే రాలిన చుక్కలు నడిచాయి: ఎర్రనల్లి. పొడి వేడిలో ఇది ఇట్టే పెరుగుతుంది. పైపుతో ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టి, ఎండ తగ్గాక వేపనూనె చల్లుతున్నాం. అదుపులోకి వస్తోంది. కాని ఎండిన కొమ్మల చోట మళ్లీ కొత్తవి రావు. "కత్తిరిస్తే చిగురిస్తాయి" అనే మాట నమ్మకండి. నడినెత్తిన చిగురు విరిగిన మొక్క కూడా వద్దు, దాని ఆకారం ఇక కుదురుకోదు.

డబ్బు వెనక్కి అడిగితే "అమ్మిన మొక్కకు పూచీ లేదు" అన్నారు. ఒక వస్తువు పేరు చెప్పి ఇంకొకటి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు రుసుము లేదు. అందుకే బిల్లులో ఉత్త "మొక్కలు" అని ఊరుకోనివ్వకుండా మొక్క పేరు రాయించుకోండి. మా బిల్లు మీద వాళ్ల చేతిరాతతోనే "ఫర్ 2" అని ఉంది. ఫిర్యాదుకు కాగితాలు సిద్ధం చేస్తున్నాం.