లేహ్ దారి పట్టే ముందే టైమింగ్ చైన్ మార్చాం

మనాలి నుంచి లేహ్‌కి బైక్ మీద వెళ్లేవాళ్లు స్పేర్ ట్యూబు, క్లచ్ కేబుల్, చైన్ లింకు సర్దుకుంటారు. ఇంజిన్ హెడ్‌లో, అంటే వాల్వులుండే పైభాగంలో, అరిగే పార్టుల గురించి మాత్రం శబ్దం వచ్చేదాకా చాలామంది ఆలోచించరు. తాండి బంకు దాటాక లేహ్ దగ్గర్లోని కారూ వరకు, 300 కిలోమీటర్లకు పైగా, ఇంకో పెట్రోలు బంకు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇక హెడ్ విప్పే వర్క్‌షాపు ఎక్కడ దొరుకుతుంది?

మా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు అప్పటికే 40,000 కిలోమీటర్లు దాటింది. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపల వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే చైన్) గలగల, ఘాట్ దిగాక మళ్లీ యాక్సిలరేటర్ తిప్పితే సన్నటి నీలం పొగ. పొగ అలా వస్తోందంటే సాధారణంగా వాల్వ్ సీళ్లు (వాల్వుల పక్కనుంచి ఆయిల్ కారకుండా ఆపేవి) గట్టిపడ్డట్టు. యాక్సిలరేటర్ వదిలి దిగుతున్నప్పుడు ఇంజిన్ లోపలి వాక్యూమ్ ఆ సందులోంచి ఆయిల్ లాగేస్తుంది. ఇక టైమింగ్ చైన్ సాగితే వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ లూజు తీయగలదు గానీ ఆ ఆలస్యాన్ని సరిచేయలేదు.

హైదరాబాద్‌లో పెద్ద సర్వీస్ సెంటర్ వాళ్లు "ఇంకా నడుస్తుంది, శబ్దం పెరిగాక రండి" అన్నారు. ఊళ్లో తిరిగే బండికైతే అది సరైన మాటే. నేను బయటి మెకానిక్ దగ్గరే చేయించాను. ఆయన పాత చైన్, కొత్త చైన్ పక్కపక్కన వేలాడదీసి తేడా చూపించాడు. చైన్, టెన్షనర్, గైడ్లు, సీళ్లు, గ్యాస్కెట్లు అన్నీ కంపెనీవే కొన్నాం. బిగించాక సెల్ఫ్ కొట్టకుండా ఇంజిన్‌ని చేత్తో పూర్తిగా తిప్పి, టైమింగ్ గుర్తులు (చైన్ సరైన చోట కూర్చుందని చెప్పే గీతలు) మళ్లీ చూశాడు. ఏ షాపులో చేయించినా ఆ ఒక్క పని మీ కళ్లముందే జరగాలి.

నాగ్‌పూర్ మీదుగా ఝాన్సీ చేరేసరికి 1,000 కిలోమీటర్లకు పైనే. రాత్రి అక్కడే ఆగాం. లోపల పార్కింగ్ ఉన్న లాడ్జి వెతుక్కున్నాం, ఎందుకంటే హెడ్ పని తర్వాత టాపెట్లు (వాల్వులకీ వాటిని నొక్కే భాగాలకీ మధ్య ఉండాల్సిన సన్నటి గ్యాప్) చూడాలంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. గది మామూలే, షెడ్ మాత్రం భేష్. టాపెట్ గ్యాప్ ఎక్కువైతే టకటకమని చెబుతుంది. తక్కువైతే చప్పుడే ఉండదు. ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చోక కాలిపోతుంది. నాకు ఆ నిశ్శబ్దమే ఎక్కువ టెన్షన్.

2020లో అటల్ టన్నెల్ తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది. బస విషయంలో జిస్పాకే నా ఓటు. భాగా నది ఒడ్డున హాయిగా నిద్రపడుతుంది. సర్చూ టెంట్లు 4,200 మీటర్లకు పైనే ఉంటాయి, చలి, తలనొప్పి రెండూ ఖాయం. పాంగ్ ధాబాలో మ్యాగీ తిని, వేడి టీ తాగి కదలడమే మేలు.

5,300 మీటర్లు దాటిన తంగ్‌లాంగ్ లా కనుమ మీద గాలి పల్చన, ఏ బండికైనా పవర్ తగ్గుతుంది. మాదీ నెమ్మదించింది, కానీ పొగ లేదు, గలగల లేదు. లేహ్‌లో ఒక మెకానిక్ షాపులో అడిగి చూశాను. క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, బ్రేక్ ప్యాడ్లు చేతిలో ఉన్నాయి. టెన్షనర్, వాల్వ్ సీళ్లు మాత్రం ఢిల్లీ నుంచి తెప్పించాలన్నాడు.