రెండేళ్లకు పైగా రఫ్ వాడాక

2023లో పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ ఇండియా హైదరాబాద్‌లో జరిగినప్పుడు వెళ్లాను. ఏ సెషన్‌లో ఏం విన్నానో ఇప్పుడు అడిగితే తడుముకుంటాను. టీ బ్రేక్‌లో పక్కన కూర్చున్న కుర్రాడు "ఒకసారి ఇది చూడన్నా" అంటూ ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది మాత్రం గుర్తుంది. రఫ్ అంటే పైథాన్ కోడ్‌లో తప్పులు వెతికి, కొన్నిటిని తనే సరిచేసే టూల్. 'రఫ్ చెక్' అని కొట్టాడు. ఎంటర్ మీద నుంచి వేలు తీసేలోపే తప్పుల చిట్టా వచ్చేసింది. సగం ఫైళ్లు చదవలేదేమో అనుకున్నాను. అన్నీ చదివింది. వేగానికి పేరున్న రస్ట్ భాషలో రాశారు మరి.

అప్పటికి మా టీమ్‌లో ఫ్లేక్8 (తప్పులు చూసేది), ఐసార్ట్ (ఇంపోర్టుల వరస సరిచేసేది), బ్లాక్ (కోడ్‌ని ఒకే తీరులో సర్దేది) మూడూ కమిట్ హుక్‌లో, అంటే కోడ్ మార్పులు కమిట్ చేసే ముందు దానంతటదే జరిగే తనిఖీలో, నడిచేవి. కమిట్ కొట్టిన ప్రతిసారీ నలభై సెకన్లు ఎదురుచూడాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? అందరం ఆ తనిఖీని ఆపేసే 'నో వెరిఫై' పెట్టి దాటేసేవాళ్లం, నాతో సహా. హుక్‌లో వాటి బదులు రఫ్ పెట్టాక సెకను కూడా పట్టదు కాబట్టి దాటేసే అలవాటే పోయింది. రివ్యూల్లో కామాల గురించి కొట్టుకోవడమూ తగ్గింది.

ఇన్‌స్టాల్ చేయగానే అన్నీ చూసేస్తుందనుకోకండి. రూల్స్ 800కు పైగా ఉన్నా డిఫాల్ట్‌గా పనిచేసేవి కొన్నే. ఇంపోర్టుల (వేరే ఫైళ్ల నుంచి కోడ్ తెచ్చుకునే లైన్ల) వరస సరిచేయాలంటే ప్రాజెక్టు సెట్టింగులుండే పైప్రాజెక్ట్ ఫైల్‌లో 'ఐ' రూల్స్ మనమే చేర్చాలి.

నాకు దెబ్బ తగిలింది తప్పుల్ని అదే సరిచేసే ఆటోఫిక్స్ దగ్గర. ఒక జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టులో, యాప్ మొదలైనప్పుడు నడిచే రెడీ ఫంక్షన్ లోపల సిగ్నల్స్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేశాం. కొత్త యూజర్ చేరగానే మెయిల్ పంపే కోడ్ అందులోనే ఉంది. ఆ పేరు ఇంకెక్కడా వాడం, ఇంపోర్ట్ అయితే చాలు. నేను డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపే జాబితా) చదవకుండా 'ఫిక్స్' కొట్టి మెర్జ్ చేశాను. వాడని ఇంపోర్టు కదా, వాడని ఇంపోర్టుల్ని పట్టే ఎఫ్401 రూల్ కింద ఆ లైను ఎగిరిపోయింది. ఎర్రర్ లేదు, టెస్టులన్నీ పాస్. కొత్త యూజర్లకు వెల్‌కమ్ మెయిల్ వెళ్లడం లేదని మూడో రోజు సపోర్ట్ వాళ్లు చెబితే తెలిసింది. తప్పు నాదే. ఇప్పుడు అలాంటి లైన్ల పక్కన 'ఈ లైను వదిలేయ్' అని రఫ్‌కు చెప్పే 'నోక్యూఏ' కామెంట్ తప్పకుండా పెడుతున్నాం.

రఫ్‌కు ఇంకా 1.0 వెర్షన్ రాలేదు. చిన్న రిలీజుకే రూల్స్ మారొచ్చు, కాబట్టి దానంతటదే మారకుండా ఒక వెర్షన్‌కే పిన్ చేసుకోండి. సొంత ప్లగిన్లు రాసుకునే వీలు కూడా లేదు. మేం రాసుకున్న ఒకే ఒక్క రూల్ కోసం సీఐలో (సర్వర్‌లో కోడ్‌ని దానంతటదే పరీక్షించే చోట) ఫ్లేక్8 ఇంకా నడుస్తోంది, తీసేద్దామని ప్రతి స్ప్రింట్‌లో అనుకుంటూనే ఉన్నాం.