మూతపడే టాకీసుల మీద మూడు సినిమాలు: ముందు ఏది చూడాలి?

మూతపడుతున్న సినిమా హాళ్ళ మీద చాలా దేశాల్లో సినిమాలు తీశారు. అందులో మూడు పేర్లు తరచూ వినిపిస్తాయి: ఇటలీ వాళ్ళ ‘సినిమా పారడీసో’ (1988), తైవాన్ వాళ్ళ ‘గుడ్‌బై, డ్రాగన్ ఇన్’ (2003), గుజరాతీ ‘ఛెల్లో షో’ (2021). మా అనంతపురంలో సినిమా పిచ్చోళ్ళు నలుగురు ఒకచోట చేరితే, వీటిలో దేంతో మొదలుపెట్టాలనే మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నా ఓటు తైవాన్ సినిమాకే. అయితే అది అందరికీ పడదు.

ముందు పారడీసో సంగతి తేల్చేద్దాం. సిసిలీలో ఒక చిన్న ఊరు, అక్కడి హాల్లో ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్ అల్ఫ్రెడో, అతని వెంటే తిరిగే టోటో అనే పిల్లోడు. ముద్దు సీను వస్తే చాలు, ఊరి ఫాదర్ గంట కొడతాడు. ఆ ముక్క కత్తిరించాల్సిందే. హాలు నిండా ఈలలు, తిట్లు, చంటిపిల్లలు, నిద్రపోయేవాళ్ళు. అచ్చం మన నేల క్లాసు. ఎక్కడ ఏడిపించాలో దర్శకుడు టోర్నటోరేకి బాగా తెలుసు, ఆయన వదిలేసిన చోట మోరికోనె సంగీతం పట్టుకుంటుంది. ఆస్కార్ కూడా వచ్చింది. ఒక్క జాగ్రత్త: ఇది రెండు నిడివుల్లో దొరుకుతుంది. 2 గంటల 4 నిమిషాలది చూడండి. దాదాపు 3 గంటలదాంట్లో, టోటో పెద్దయ్యాక పాత ప్రేయసిని కలిసే కథ పెరిగిపోయి హాలు పక్కకు పోతుంది.

మంచి సినిమానే, కాదనను. నా పేచీ ఒక్కటే. అందులో హాలును ఊరంతా చూస్తుండగా ఒక్క దెబ్బకు కూలగొట్టేస్తారు, ఆ జాగాలో పార్కింగ్ కోసం. మన హాళ్ళు అట్లా పోలేదు. ముందు మార్నింగ్ షో తీసేశారు. తర్వాత సెకండ్ షో. బాల్కనీకి తాళం పడింది. ఏసీ పోయి ఫ్యాన్లు వచ్చాయి, ఫ్యాన్లలో కూడా సగమే తిరిగేవి. కౌంటర్ దగ్గర ‘పది మంది వస్తే వేస్తాం అన్నా, కాసేపు చూడండి’ అనే మాట మొదలైంది. పెద్ద హీరో సినిమాకు నాలుగు రోజులు కళకళ, ఆ తర్వాత మళ్ళీ అదే. చివరికి ఎప్పుడు మూసేశారో వీధిలో వాళ్ళకే సరిగ్గా గుర్తుండదు. ఇప్పుడది కల్యాణ మండపమో, గోడౌనో.

ఆ నిదానాన్ని పట్టుకున్నది ‘గుడ్‌బై, డ్రాగన్ ఇన్’ ఒక్కటే. దర్శకుడు త్సాయ్ మింగ్ లియాంగ్ పుట్టింది మలేషియాలో, సినిమాలు తీసింది తైవాన్‌లో. నిడివి 82 నిమిషాలు, మన లెక్కన ఎనిమిది రీళ్ళు కూడా నిండదు. కథ అంటే ఇంతే: బయట వాన. లోపల పాత హాల్లో ఆఖరి రోజు ఆట. తెర మీద 1967 నాటి కత్తియుద్ధాల సినిమా ‘డ్రాగన్ ఇన్’ ఆడుతోంది. తాడిపత్రి కె.వి.రెడ్డి తీసిన 1951 నాటి ‘పాతాళభైరవి’ని మన ఊళ్ళో ఒక హాలు ఆఖరి ఆటగా వేస్తే, చూడటానికి పట్టుమని పదిమంది కూడా రాలేదనుకోండి. అదీ పరిస్థితి. ఆ తైవాన్ హాలుకు వచ్చిన వాళ్ళలో ఇద్దరు ముసలివాళ్ళు ‘డ్రాగన్ ఇన్’లో నటించినవాళ్ళే. తెర మీద వయసులో ఉన్న తమను తామే చూసుకుంటూ కూర్చుంటారు.

తెర మీది డైలాగులు తప్ప, సగం సినిమా దాటేదాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. టికెట్లిచ్చే ఆవిడకు కాలు ఈడుస్తుంది. తన దగ్గరున్న బన్నులో సగం ఆపరేటర్‌కు ఇద్దామని అన్ని మెట్లూ ఎక్కి ప్రొజెక్టర్ గదికి వెళ్తుంది, అతను ఉండడు. ఆ అడుగుల చప్పుడే ఈ సినిమాకు సంగీతం. వెనక వరుసలో ఒకామె పుచ్చగింజలు పటుక్కు పటుక్కుమని కొరుకుతూ ఉంటుంది. ఉడికించిన శెనక్కాయలు ఒలుచుకుంటూ సినిమాలు చూసిన మనకు ఆ చప్పుడు ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక అందరూ తిట్టుకునే షాటు. ఆట అయిపోయాక లైట్లు వేస్తారు. ఆవిడ చీపురుతో ఒక పక్కన ఎక్కి, రెండో పక్కన దిగి, వెళ్ళిపోతుంది. కెమెరా మాత్రం కదలదు. నిమిషాల కొద్దీ ఖాళీ కుర్చీలు. నాకు తెలిసిన ఒక ఆపరేటర్ అన్నకు ఇది చూపించాను, పక్కనున్న కుర్రోడు ‘ఇదేందప్పా, ఫోన్ హ్యాంగ్ అయ్యిందా?’ అన్నాడు. అన్న మాత్రం కళ్ళు తిప్పలేదు. ‘జనం పోయినాక హాలు అట్లే ఉంటాది. మేం రోజూ చూసేటోళ్ళం. మీకు తెల్దు’ అన్నాడు. ఏ విమర్శకుడి వ్యాసం కన్నా ఈ మాటే నాకు ఎక్కువ పనికొచ్చింది.

అదే అన్న ‘ఛెల్లో షో’ పూర్తిగా చూడలేకపోయాడు. అది మనకు బాగా దగ్గరి సినిమా. స్టేషన్లో టీ అమ్మే తండ్రి, తన టిఫిన్ బాక్సు ఆపరేటర్‌కిచ్చి ఊరికే సినిమా చూసే కొడుకు. డిజిటల్ వచ్చింది, రీళ్ళ పెట్టెలతో పని లేకుండా పోయింది. తెర మూలన చుక్క (రీలు అయిపోతోందని గుర్తు) పడగానే రెండో మిషన్ అందుకోవడం తెలిసిన మనిషితోనూ పని లేకుండా పోయింది. ప్రొజెక్టర్‌ను కరిగించి చెంచాలు చేస్తారు, ఫిల్మ్‌ను కరిగించి రంగురంగుల గాజులు చేస్తారు. చెంచాల దగ్గర అన్న ‘ఇంక ఆపప్పా’ అన్నాడు. వాళ్ళ హాలు మిషన్ కూడా తూకానికే పోయిందంట. దర్శకుడు పాన్ నలిన్ అక్కడక్కడ రంగులు ఎక్కువ పూశాడని నాకనిపిస్తుంది గానీ, ఆ ఫ్యాక్టరీ సీన్ల ముందు ఆ ఫిర్యాదు నిలబడదు.

కాబట్టి ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ళు అందరూ కూర్చుంటే గుజరాతీ సినిమానే పెట్టండి. ఒక మంచి ఏడుపు కావాలనుకున్న రోజు పారడీసో. పగలంతా పని చేసి అలిసిపోయిన రాత్రి తైవాన్ సినిమా జోలికి పోవద్దు, పది నిమిషాల్లో గురక పెడతారు, ఆపైన దాన్ని తిడతారు. ఫోన్లో అసలే వద్దు, వేలు ఊరుకోదు, ముందుకు జరిపేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం, తలుపులేసుకుని, టీవీలో, ఒక్కరే చూడండి. సౌండు కొంచెం పెంచుకోండి, వానా, అడుగులూ వినపడాలి. భాష రాదే అని టెన్షన్ పడకండి. సబ్‌టైటిల్స్ చదవడానికి పెద్దగా ఏమీ ఉండదు.